జీతం మాట వేరు, ఎదుగుదల మాట వేరు

మానవ వనరుల విభాగానికి నాయకత్వం వహించే వ్యక్తి చేతిలో యంత్రాలుండవు, ఖాతాదారులుండరు, అమ్మకాల లక్ష్యాలూ ఉండవు. ఎవరిని ఏ పనిలో పెట్టాలి, ఎవరి పనిని ఎవరు ఏ పద్ధతిలో పరిశీలించాలి, ఆ పరిశీలన ఫలితాన్ని ఉద్యోగికి ఎప్పుడు, ఏ రూపంలో చెప్పాలి అన్న నియమాలను రాసే అధికారమే ఆ పదవికున్న అసలు బలం. ఆ నియమాలు ఉద్యోగిలో దాగివున్న శక్తిని బయటికి తెచ్చేవిగా ఉండవచ్చు. అలాంటి శక్తి ఒకటి ఉందన్న సంగతే పై అధికారికీ, కొన్నిసార్లు ఆ ఉద్యోగికి కూడా తెలియకుండా ఏళ్ల తరబడి కప్పిపెట్టేవిగానూ ఉండవచ్చు. ఈ అధ్యాయం ఆ నియమాలలో ఒకదానిపైనే ఎక్కువగా దృష్టి పెడుతుంది: ఉద్యోగి పనికి మార్కులు వేసే ఏర్పాటునూ, అతని ఎదుగుదలను చూసే ఏర్పాటునూ ఒకే సమావేశంలో, ఒకే కాగితంపై, ఒకే రోజున ముగించే అలవాటును వదిలించుకోవడం ఎలా అన్నది దీని ప్రధాన విషయం. శిక్షణ తరగతులు, బహుమతులు, ఉత్సాహపరిచే ఉపన్యాసాలు వంటివి దీని తర్వాత వచ్చేవే.

ముందుగా రెండు మాటల మధ్య తేడాను స్పష్టం చేసుకోవాలి. 'పనితీరు' అంటే ఉద్యోగి ప్రస్తుతం చేస్తున్న పనిలో, జరిగిపోయిన కాలంలో, చూపించిన ఫలితం. ఇది గతానికి సంబంధించినది, కొంతవరకు లెక్కకు అందేది. 'సంభావ్య సామర్థ్యం' అంటే ఇప్పటివరకు అతనికి అప్పగించని, ఇకమీద అప్పగించదగిన పనిని అతను చేయగలిగే అవకాశం. ఇది రాబోయే కాలానికి సంబంధించినది కాబట్టి నేరుగా కొలవడానికి వీలుండదు, ఆ పనిలో కొంత భాగాన్ని చేయించి చూస్తే తప్ప తెలియదు. ఈ రెండూ ఒకటేననుకునే సంస్థల్లో ఏటా జరిగేది ఏమిటంటే, ఇప్పటి పనిలో అందరికంటే ముందున్న వ్యక్తికి బహుమానంగా పైపదవిని కట్టబెడతారు. ఆ పైపదవికి కావలసిన గుణాలూ ఇప్పటి పనికి కావలసిన గుణాలూ ఒకటి కావన్న సంగతి ఆరు నెలల తర్వాత గానీ బయటపడదు.

లారెన్స్ పీటర్, రేమండ్ హల్ 1969లో వెలువరించిన 'ది పీటర్ ప్రిన్సిపుల్' పుస్తకం ఈ తంతును హాస్యంగా వర్ణించి లోకప్రసిద్ధి పొందింది: ఉద్యోగస్వామ్యంలో ప్రతివాడూ తనకు చేతకాని మెట్టు చేరేదాకా పైకి పోతూనే ఉంటాడన్నది ఆ పుస్తకం చేసిన వాదం. హాస్యంగా మొదలైన ఆ మాటకు చాలాకాలం తర్వాత అంకెల ఆధారం కూడా దొరికింది. అలన్ బెన్సన్, డేనియెల్ లీ, కెల్లీ షూ అనే ముగ్గురు ఆర్థికశాస్త్ర పరిశోధకులు 131 అమెరికన్ సంస్థల్లోని అమ్మకాల సిబ్బంది వివరాలను పరిశీలించి 2019లో ప్రచురించిన వ్యాసంలో, ఎక్కువ అమ్మినవారికే మేనేజరు పదవి దక్కే అవకాశం ఎక్కువని, అయితే అలా పైకి వచ్చిన వారిలో గొప్ప అమ్మకందార్ల కింద పనిచేసినవారి ఫలితాలు పడిపోయాయని తేల్చారు. తోటివారితో కలిసి అమ్మకాలు సాధించిన అనుభవం ఉన్నవారే మెరుగైన మేనేజర్లయ్యారన్నది అదే వ్యాసంలోని మరో ముఖ్యమైన అంశం. మన దేశపు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కోడు రాయడంలో దిట్ట అయిన ఇంజినీరును టీమ్ లీడ్‌గా చేసి, ఒక మంచి ఇంజినీరును పోగొట్టుకొని ఒక చికాకు మేనేజరును సంపాదించుకునే ఆనవాయితీకి ఇది సరిగ్గా అన్వయిస్తుంది.

ఈ తేడాను భారతీయ సంస్థలు విదేశాలనుంచి కొత్తగా నేర్చుకోవలసిన అవసరం లేదు. లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ తన ఉద్యోగుల మదింపు విధానాన్ని సరిదిద్దే పనిని 1974లో అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులైన ఉదయ్ పారీక్, టి.వి. రావులకు అప్పగించినప్పుడు, వారు ఉన్న ఫారాలను సవరించి ఊరుకోలేదు. పనితీరు మదింపు, సంభావ్య సామర్థ్యపు మదింపు, అభిప్రాయం చెప్పి సలహానిచ్చే సంభాషణ, వృత్తి జీవిత ప్రణాళిక, శిక్షణ అనే వాటిని విడివిడి భాగాలుగా గుర్తించి, వాటిని ఒకదానితో ఒకటి ముడిపెట్టే సమగ్ర వ్యవస్థను రూపొందించారు. దాని ఫలితంగా 1975లో ఆ సంస్థలో ఏర్పడిన విభాగమే మన దేశంలో మానవ వనరుల అభివృద్ధి పేరుతో వెలిసిన తొలి విభాగంగా పేరుపొందింది. హాజరు, జీతాలు, క్రమశిక్షణ చూసే సిబ్బంది వ్యవహారాల శాఖ ఒక పని చేస్తుందని, మనుషుల ఎదుగుదలను చూసే శాఖ వేరొక పని చేస్తుందని ఆ ఏర్పాటులో స్పష్టంగా ఉంది. తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో సంస్థలు ఆ విభాగం పేరును అరువు తెచ్చుకున్నాయి గానీ, అందులోని విభజనను మాత్రం తెచ్చుకోలేదు; బోర్డు మారింది, లోపలి బల్ల, దానిపైని ఫైలు పాతవే.

ఒకే సమావేశంలో రెండు పనులు ఎందుకు కుదరవు

వార్షిక అప్రైజల్ సమావేశంలో పై అధికారి రెండు పాత్రలు ధరించవలసి వస్తుంది. మొదటిది న్యాయాధికారి పాత్ర: ఏడాది పనిని తూచి, రేటింగు ఇచ్చి, దానిని బట్టి జీతం పెంపు ఎంతో తేల్చాలి. రెండవది మార్గదర్శి పాత్ర: ఉద్యోగి ఎక్కడ తడబడుతున్నాడో అడిగి తెలుసుకొని, ఆ తడబాటు పోయే దారి చూపాలి. తీర్పు చెప్పేవాడి ఎదుట ఎవరైనా తమ లోపాలను దాచుకుంటారు. దారి చూపేవాడి ఎదుట ఆ లోపాలనే విప్పి చెప్పాలి. ఒకే మనిషి ఒకే గంటలో రెండు వేషాలూ కట్టినప్పుడు, జీతం సంగతి తేలేదాకా ఉద్యోగి చెవికి మరే మాటా ఎక్కదు, తేలిన తర్వాత వినే ఓపిక ఉండదు.

ఈ చిక్కును శాస్త్రీయంగా పరిశీలించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలోనే జరగడం గమనించదగినది. హెర్బర్ట్ మేయర్, ఇమాన్యుయేల్ కే, జాన్ ఫ్రెంచ్ అనేవారు అక్కడ జరిగిన మదింపు సంభాషణలను పరిశీలించి 1965లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రచురించిన వ్యాసం ప్రకారం, విమర్శ ఉద్యోగిని లక్ష్యం వైపు నడిపించడానికి బదులు వెనక్కి లాగింది. పొగడ్త ఇటూ అటూ పెద్దగా ప్రభావం చూపలేదు. ఇద్దరూ కూర్చొని నిర్దిష్టమైన లక్ష్యాలు పెట్టుకున్న సందర్భాల్లోనే పని చెప్పుకోదగినంతగా మెరుగైంది. జీతాన్నీ ప్రమోషన్నీ తూచే సమావేశం వేరుగా, పనిని మెరుగుపరిచే సంభాషణ వేరుగా ఉండాలని, రెండవది ఏడాదికోసారి కాక రోజువారీ పనిలో భాగంగా సాగాలని వారు తేల్చి చెప్పారు.

ఇంత స్పష్టంగా తేలిన విషయాన్ని అదే సంస్థ తర్వాత పక్కన పెట్టింది. 1981 నుంచి 2001 వరకు దాని అధిపతిగా ఉన్న జాక్ వెల్చ్ కాలంలో ఉద్యోగులను అగ్రస్థానంలోని 20 శాతంగా, మధ్యలోని 70 శాతంగా, అడుగున ఉన్న 10 శాతంగా ఏటా విడదీసే పద్ధతి ప్రపంచమంతటా ఆదర్శమై కూర్చుంది. దీనినే మన కంపెనీల వాడుకలో బెల్ కర్వ్ అంటారు. ఇందులో ఎవరి పని ఎలా ఉన్నా ప్రతి టీమ్‌లోనూ కొందరికి అడుగు రేటింగు రాయక తప్పదు కాబట్టి, పక్కవాడికి సాయం చేస్తే తన రేటింగుకే ముప్పు వస్తుందన్న లెక్క ఉద్యోగులకు సహజంగానే తోస్తుంది. మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది. అడోబీ అంతకుముందే, 2012లో, వార్షిక మదింపును ఎత్తివేసి తరచు జరిగే సంభాషణలను ప్రవేశపెట్టింది. డెలాయిట్ సంస్థ తన సిబ్బంది ఏటా దాదాపు 20 లక్షల గంటలు మదింపు పనికే వెచ్చిస్తున్నారని లెక్క తేలడంతో పద్ధతి మార్చుకుంటున్నట్లు 2015లో ప్రకటించింది. చివరికి జనరల్ ఎలక్ట్రిక్ కూడా ఆ దశకం మధ్యలోనే వార్షిక రేటింగులను వదులుకునే దారి పట్టింది. తమ ప్రాంగణంలోనే యాభై ఏళ్ల క్రితం దొరికిన సమాధానానికి అంత చుట్టు తిరిగి చేరవలసి రావడం నిర్వహణశాస్త్ర చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

అయితే రేటింగును రద్దు చేసినంత మాత్రాన ఎదుగుదల దానంతటదే మొదలవుతుందనుకోవడమూ పొరపాటే. జీతం పెంచడానికి ఏదో ఒక కొలత కావాలి. ఆ కొలత కాగితంపై లేకపోతే మేనేజరు మనసులో ఉంటుంది, అప్పుడు అది ఉద్యోగికి కనిపించదు, ప్రశ్నించడానికీ అందదు. పైపెచ్చు తరచు మాట్లాడటం దానికదే మేలు చేస్తుందన్న హామీ కూడా లేదు. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనీసి 1996లో అప్పటివరకు జరిగిన ఎన్నో ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, పనిమీద అభిప్రాయం చెప్పడం సగటున మేలు చేసినప్పటికీ, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో దానివల్ల పని మరింత దిగజారిందని కనుగొన్నారు. మాట పనిని వదలి మనిషి వ్యక్తిత్వం మీదికి మళ్లేకొద్దీ దాని ప్రయోజనం సన్నగిల్లుతుందన్నది వారి వివరణ. అందుచేత మానవ వనరుల నాయకుడు తన మేనేజర్లకు నెలకు ఎన్నిసార్లు మాట్లాడాలో చెప్పి ఊరుకుంటే చాలదు, దేనిమీద మాట్లాడాలో కూడా నేర్పాలి.

దీనిని ఒక ఊహాత్మక సన్నివేశం ద్వారా దగ్గరగా చూడవచ్చు. ఒక బల్క్ డ్రగ్ పరిశ్రమలోని క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో రెండేళ్లుగా పనిచేస్తున్న అనలిస్టు రిపోర్టులు రివ్యూ నుంచి పదేపదే వెనక్కి వస్తున్నాయనుకుందాం. "నీకు అసలు శ్రద్ధ లేదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి?" అని సెక్షన్ హెడ్ అంటే ఆ మాట ఆమె స్వభావం మీద తీర్పు అవుతుంది, "సారీ సార్, ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను" అన్న జవాబుతో సంభాషణ అక్కడే ముగుస్తుంది, మరుసటి వారం రిపోర్టు మళ్లీ వెనక్కి వస్తుంది. అదే అధికారి "ఈ నెల నీ రిపోర్టులు మూడు తిరిగొచ్చాయమ్మా, మూడింట్లోనూ తూకం ఎంట్రీ దగ్గరే తేడా. బ్యాలెన్స్ దగ్గర ఏం జరుగుతోంది?" అని అడిగితే, "సాయంత్రం షిఫ్టులో ఒకటే బ్యాలెన్స్ పనిచేస్తోంది సార్, దాని ప్రింటరు కూడా పోయింది. వెనక నలుగురు నిలబడి ఉంటారని ముందు తూచేసుకొని, తర్వాత సీటు దగ్గరికొచ్చి ఒకేసారి రాసుకుంటున్నాం" అన్న సమాధానం వచ్చే వీలుంటుంది. ఔషధ పరిశ్రమలో ఏ కొలతనైనా తీసిన క్షణంలోనే నమోదు చేయాలన్నది కచ్చితమైన నియమం. దానిని మీరడం తనిఖీల్లో తీవ్రమైన లోపంగా పరిగణించబడుతుంది. రెండవ ప్రశ్న వల్ల ఆమె అజాగ్రత్తగా కనిపించినది పరికరాల కొరతగా తేలడమే కాక, సంస్థ మెడకు చుట్టుకోగల ఒక ప్రమాదం కూడా ముందే బయటపడింది. జీతం పెంపు నిర్ణయమయ్యే సమావేశంలో ఇదే ప్రశ్న అడిగితే ఆమె ఈ సంగతి చెప్పేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

కాబట్టి ఆచరణలో రెండు సంభాషణల మధ్య కనీసం కొన్ని నెలల ఎడం ఉండాలి, రెండింటి కాగితాలూ వేరుగా ఉండాలి. ఎదుగుదల సంభాషణలో రాసుకున్నది జీతపు సమావేశంలో సాక్ష్యంగా వాడకూడదన్న హామీని మానవ వనరుల నాయకుడు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ చివరి షరతు ఒక్కసారి ఉల్లంఘనకు గురైనా ఆ వార్త క్యాంటీన్ దాకా పాకడానికి ఒక పూట చాలు. ఆ తర్వాత ఏ ఉద్యోగీ తన తడబాటును నోరు విప్పి చెప్పడు.

కాకినాడ పాఠం

ఉద్యోగిలోని శక్తిని పెంచవచ్చునా, లేక అది పుట్టుకతో వచ్చేదేనా అన్న ప్రశ్నకు ప్రపంచంలో జరిగిన ప్రసిద్ధ ప్రయోగాలలో ఒకటి తెలుగు నేలమీదే జరిగింది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 'సాధనా ప్రేరణ' అనే భావనపై విస్తృతంగా పరిశోధించాడు; పనిని ఇంతకుముందుకంటే మెరుగ్గా చేయాలని, దాని ఫలితానికి తానే బాధ్యుడిగా ఉండాలని మనిషిలో ఉండే తపనకు పేరది. ఈ తపనను పెద్దవయసులో శిక్షణ ద్వారా పెంచవచ్చునేమో చూడడానికి 1960ల మధ్యకాలంలో కాకినాడకు చెందిన చిన్న వ్యాపారులను, పారిశ్రామికులను ఎంచుకొని, హైదరాబాదులోని స్మాల్ ఇండస్ట్రీ ఎక్స్‌టెన్షన్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ ఇప్పించారు. సియెట్ అన్న పొట్టిపేరుతో పిలిచిన ఆ సంస్థే నేడు యూసుఫ్‌గూడలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థగా కొనసాగుతున్నది. మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ప్రచురించిన 'మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్' గ్రంథం ఆ ప్రయోగపు వివరాలను నమోదు చేసింది.

ఆ శిక్షణలో భాగంగా ఆడించిన రింగుల ఆట మానవ వనరుల రంగంలో ఉన్న ప్రతివారూ తెలుసుకోదగినది. నేలమీద నిలిపిన మేకుకు రింగు తగిలించడమే ఆట. ఎంత దూరంనుంచి విసరాలన్నది ఆడేవాడి ఇష్టం. కొందరు తప్పకుండా తగిలేలా మేకును ఆనుకొని నిలబడతారు, కొందరు తగిలితే అదృష్టమనేంత దూరానికి పోతారు. సాధనా ప్రేరణ బలంగా ఉన్నవారు తగిలే అవకాశమూ తప్పే అవకాశమూ రెండూ ఉండే మధ్యదూరాన్ని ఎంచుకొని, ప్రతి విసురు తర్వాత తమ అంచనాను సరిచేసుకుంటారు. ఆట ముగిశాక ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎందుకు అక్కడే నిలబడ్డారో చర్చ జరిగేది. తన వ్యాపారంలోనూ తానదే చేస్తున్నానా అని ప్రతివాడూ ఆలోచించుకోవలసి వచ్చేది.

ప్రయోగం ముగిసిన తర్వాతి కాలంలో, శిక్షణ పొందనివారితో పోలిస్తే శిక్షణ పొందినవారు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలోనూ, ఎక్కువ పెట్టుబడి పెట్టడంలోనూ, మరికొందరికి ఉపాధి కల్పించడంలోనూ ముందున్నారని పరిశోధకులు గుర్తించారు. అయితే ఈ అధ్యాయానికి అంతకంటే ముఖ్యమైనది మరొక అంశం: సంస్థ నిర్ణయాలు తమ చేతుల్లోనే ఉన్నవారిలో ఈ మార్పు ప్రస్ఫుటంగా కనిపించింది, తండ్రి మాటకో అన్నల మాటకో కట్టుబడి పనిచేసేవారిలో అంతగా కనిపించలేదు. తపన పెరిగినా దానిని వాడే చోటు లేకపోతే ఫలితం రాదన్నమాట. నేటి కంపెనీలు లక్షలు పోసి మూడు రోజుల నాయకత్వ శిక్షణకు రిసార్టులకు పంపి, తిరిగి వచ్చినవారికి వెయ్యి రూపాయల ఖర్చును కూడా సొంతంగా ఆమోదించే అధికారం ఇవ్వకపోవడం చూస్తే, ఆ పాఠం ఇంకా చాలామందికి చేరలేదనే అనుకోవాలి.

దీనినుంచి రెండు ఆచరణ సూత్రాలు వస్తాయి. ఒకటి, ఉద్యోగికి ఇచ్చే తర్వాతి పని అతని ప్రస్తుత స్థాయికి రింగుల ఆటలోని మధ్యదూరంలో ఉండాలి. పైన చెప్పిన అనలిస్టు విషయానికే వస్తే, రొటీన్ శాంపిళ్ల పరీక్షలోనే మరో మూడేళ్లు ఉంచడం మేకును ఆనుకొని నిలబెట్టడం. ఉన్నపళంగా సెక్షన్ బాధ్యతను అప్పగించడం ఆశకందని దూరం. ఒక కొత్త పరీక్షా పద్ధతి నమ్మదగినదేనని నిరూపించే మెథడ్ వ్యాలిడేషన్ పనిని, అనుభవజ్ఞుడైన ఒక సహోద్యోగిని సంప్రదించే వీలుతో, మొదటినుంచి చివరిదాకా ఆమె చేతిలో పెట్టడం మధ్యదూరం. రెండు, అప్పగించిన పనితో పాటు దానికి సంబంధించిన నిర్ణయాధికారాన్ని కూడా అప్పగించాలి: ఏ రోజు ఏ పరికరం వాడుకోవాలో, ఎవరి సాయం కోరాలో, గడువు సరిపోకపోతే ఎవరితో మాట్లాడాలో ఆమే తేల్చుకోవాలి. మేనేజరు చూడవలసినది ముందుగా ఒప్పుకున్న మైలురాళ్ల దగ్గర మాత్రమే. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అభివృద్ధి చేసిన స్వయంనిర్ణయ సిద్ధాంతం మనిషికి పనిలో కావలసిన వాటిగా పేర్కొన్న మూడు, అంటే తన నిర్ణయం తనదేనన్న భావన, చేతనైనవాడినన్న భావన, తోటివారితో కలిసి ఉన్నానన్న భావన, ఇటువంటి అప్పగింతలో ఒకేసారి సమకూరుతాయి. రోజూ మెయిలు పెట్టి "ఎంతవరకు వచ్చింది?" అని అడిగే మేనేజరు, నాటిన నారును పూటకోసారి పీకి వేరు దిగిందో లేదో చూసేవాడితో సమానం.

ఇలా చేయించి చూసిన పనే సంభావ్య సామర్థ్యాన్ని తెలుసుకోవడానికి ఉన్న నమ్మదగిన మార్గం. పైపదవికి కావలసిన పనులు నాలుగైదు ఏవో ముందు రాసుకొని, వాటిలో ఒక్కొక్కదానిని చిన్న పరిమాణంలో అభ్యర్థికి అప్పగించి, ఇద్దరు ముగ్గురు వేర్వేరు అధికారులు వేర్వేరు సందర్భాల్లో గమనించిన తర్వాత నిర్ణయం తీసుకోవాలి. కార్మిక వివాదాన్ని చల్లార్చవలసిన పదవికి ఉత్పత్తి అంకెలు చూసి మనిషిని ఎంచడం, ఖాతాదారుడితో గడువు గురించి బేరమాడవలసిన పదవికి కోడు నాణ్యత చూసి ఎంచడం ఈ పద్ధతిలో సాధ్యం కాదు. పరీక్షగా ఇచ్చిన పనిలో సరిపడనివారికి పాత పనిలోనే గౌరవమూ జీతమూ పెరిగే దారి ఉండాలి. మేనేజరైతే తప్ప జీతం పెరగని సంస్థలో ఈ ఏర్పాటు కాగితం దాటి బయటికి రాదు.

నోరు విప్పే వీలు

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి నర్సింగ్ విభాగాల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆశించింది. లెక్కల్లో మాత్రం వాటిలోనే ఎక్కువగా నమోదయ్యాయి. ఆ బృందాలు ఎక్కువ తప్పులు చేయడంలేదని, చేసిన తప్పులను దాచకుండా చెప్పుకుంటున్నాయని తర్వాత తేలింది. దీని ఆధారంగా ఆమె 1999లో వివరించిన భావన 'మానసిక భద్రత': తప్పు ఒప్పుకున్నా, తెలియదన్నా, పై అధికారి మాటను కాదన్నా తనకు అవమానమో శిక్షో ఎదురుకాదని బృందంలో అందరూ నమ్మే స్థితి. గూగుల్ సంస్థ 2010లలో తన 180 బృందాలపై జరిపిన 'అరిస్టాటిల్' అధ్యయనంలో కూడా, బృందంలో ఎవరెవరు ఉన్నారన్నదానికంటే వారు ఒకరితో ఒకరు ఎలా మెలగుతున్నారన్నదే ఎక్కువ ముఖ్యమని, అందులోనూ మానసిక భద్రతదే మొదటి స్థానమని తేలింది.

తెలుగు ప్రాంతపు కార్యాలయాల్లో ఈ భద్రతకు అడ్డుపడేవి రెండు ఉన్నాయి. మొదటిది పెద్దవారి ఎదుట కాదనలేని మొహమాటం. సమావేశంలో తల ఊపి, బయటికి వచ్చాక కారిడార్లో "అది జరిగే పని కాదన్నా" అని పక్కవాడితో చెప్పుకోవడం అందరికీ పరిచితమే. మేనేజరు తన అభిప్రాయాన్ని చివర చెప్పడం, అందరూ తమ అభిప్రాయాలను ముందుగా కాగితంపై రాసి ఇచ్చాకే చర్చ మొదలుపెట్టడం దీనికి పనికివచ్చే చిన్న ఉపాయాలు. రెండవది ఇంగ్లీషు. జిల్లా కళాశాలల నుంచి వచ్చిన ఇంజినీర్లు, డిప్లొమా చదివిన టెక్నీషియన్లు విషయం తెలిసి కూడా సమావేశంలో మాట దొరక్క మిన్నకుంటారు. ధారాళంగా మాట్లాడేవారికే నాయకత్వ లక్షణాలున్నాయని రాసేస్తారు. షిఫ్టు మారేటప్పుడు జరిగే సమీక్షను తెలుగులో జరపడానికి ఏ నియమమూ అడ్డుకాదు. విదేశీ ఖాతాదారులతో మాట్లాడవలసిన పనులకు ఇంగ్లీషు అవసరమే. అయితే అది నేర్పదగిన నైపుణ్యం, ఆ మనిషి శక్తికి కొలత కాదు.

రేటింగు పద్ధతి చూడలేని మరొక వర్గం ప్రసవ సెలవు తీసుకున్న మహిళలు. ప్రసూతి ప్రయోజనాల 2017 సవరణ చట్టం మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో 26 వారాల సెలవును హక్కుగా ఇచ్చింది. అయినా సగం ఏడాది పనిచేసిన వ్యక్తిని పూర్తి ఏడాది పనిచేసినవారితో ఒకే వరసలో పెట్టి తూచే సంస్థలకు కొదవ లేదు. పనిలో ఉన్న నెలలకే మదింపు చేయడం, తిరిగి వచ్చిన వెంటనే అప్రధానమైన పనికి మార్చకుండా వెళ్లేముందున్న స్థాయి పనినే అప్పగించడం మానవ వనరుల నాయకుడు తన సంతకంతో అమలు చేయించగల నియమాలు.

మేనేజరు చేతిలోని తాళం

ఇంతవరకు చెప్పినదంతా ఆచరణలోకి రావడం ఒక్కరి మీద ఆధారపడి ఉంది, ఆ ఒక్కరు మానవ వనరుల నాయకుడు కాదు. రోజూ పని ఇచ్చేది, చూసేది, తిట్టేది, మెచ్చుకునేది ఉద్యోగి తక్షణ పై అధికారి. ఆ అధికారికి తన బృందంలోని చురుకైన మనిషిని తన దగ్గరే అట్టేపెట్టుకోవాలన్న కోరిక ఉండటం సహజం, ఎందుకంటే అతను వెళ్లిపోతే ఈ త్రైమాసికపు లక్ష్యం దెబ్బతింటుంది, అతను మరో విభాగంలో ఎదిగితే ఆ మేలు వేరొకరి ఖాతాలో పడుతుంది. ఈ లెక్కను మార్చకుండా మేనేజర్లకు ఎన్ని ఉపదేశాలు చేసినా ప్రయోజనం ఉండదు.

మార్చే దారులు లేకపోలేదు. మేనేజరు సొంత మదింపులో, అతని బృందం నుంచి గత రెండేళ్లలో ఎవరు పెద్ద బాధ్యతల్లోకి వెళ్లారన్నదానికి బరువైన స్థానం ఇవ్వవచ్చు. ఖాళీ అయిన ప్రతి పదవినీ ముందుగా లోపలివారికి ప్రకటించి, దరఖాస్తు చేసుకోవడానికి ప్రస్తుత మేనేజరు అనుమతి అవసరం లేదని, ఎంపికైన తర్వాత అతను ఇన్ని వారాల్లో వదిలిపెట్టాలని నియమం పెట్టవచ్చు. మనిషిని వదిలిపెట్టిన విభాగానికి భర్తీలో మొదటి ప్రాధాన్యం ఇవ్వవచ్చు. ఉద్యోగి రాజీనామా ఇచ్చాక నోటీసు కాలంలో ఎగ్జిట్ ఇంటర్వ్యూ జరిపి కారణాలు అడగడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మానేసే ఆలోచన లేనివారిని ఏడాదికి ఒకసారి కూర్చోబెట్టి, ఇక్కడ ఏ పని దొరికితే మరో మూడేళ్లు ఉంటారని అడగడం దానికంటే ఎంతో ఎక్కువ సమాచారాన్నిస్తుంది.

ఈ మార్పులన్నింటినీ సంస్థ అంతటా ఒకేసారి ప్రకటించడం కంటే, అందుకు ఇష్టపడే ఇద్దరు ముగ్గురు మేనేజర్లున్న ఒకే విభాగంలో మొదలుపెట్టడం మంచిది. మొదటి ఆరు నెలల్లో జీతపు సమావేశాన్ని, ఎదుగుదల సంభాషణను విడదీయాలి. తర్వాతి ఆరు నెలల్లో ప్రతి ఉద్యోగికీ ఒక మధ్యదూరపు పనిని దాని నిర్ణయాధికారంతో సహా అప్పగించాలి. ఆర్థిక విభాగాధిపతి లెక్క అడిగినప్పుడు చూపడానికి ఏడాది చివరికి నాలుగు అంకెలు సిద్ధంగా ఉంటాయి: లోపలివారితోనే నిండిన పదవులెన్ని, బయటినుంచి తెచ్చుకోవలసి వచ్చినవెన్ని, సిబ్బంది తమంతట తాము నమోదు చేసిన పొరపాట్లు అంతకుముందు ఏడాదికంటే పెరిగాయా, మంచి రేటింగు ఉండి కూడా రాజీనామా చేసినవారెందరు. వీటిలో మూడవ అంకె పెరిగిందని చూసి ఆయన కంగారుపడే అవకాశం ఉంది కాబట్టి, నర్సింగ్ విభాగాల్లో దొరికిన ఫలితాన్ని ఆ సమావేశానికి ముందే ఆయనకు వివరించి ఉంచడం అవసరం.